మొదటి మడత చాకుకి మొన ఎందుకు వద్దంటాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఎండాకాలం సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మేనమామ జేబులోంచి మడత చాకు తీసి మామిడికాయలు కోసిపెట్టడం చూసింది. అప్పటినుంచి పుట్టినరోజుకి తనకీ అలాంటిదే కావాలని పట్టుబట్టింది. మీవారు కొనిద్దాం అంటున్నారు. మీ అత్తగారు "ఆడపిల్లకి చాకేంటి, వేలు తెగితే ఎవరిది బాధ్యత" అంటున్నారు. ఆన్‌లైన్‌లో వెతికితే వంద రకాలు కనబడి మీకు టెన్షన్ పట్టుకుంది. ఏది కొనాలి, అసలు కొనొచ్చా, ఇదే కదా?

నేను ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో క్రాఫ్ట్ టీచరుగా పనిచేశాను. రిటైరయ్యాక హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏటా వేసవిలో పిల్లలకి చెక్కపని నేర్పుతున్నాను. బ్యాచ్‌కి ఆరుగురే, అంతకంటే ఎక్కువమంది చేతుల్ని ఒకేసారి చూడలేను. వేళ్లు తెగడం చూశాను, కట్లు కట్టాను, ఒకసారి కుట్లు వేయించడానికి ఆటోలో పరిగెత్తాను కూడా. ఆ కథ కిందకి వస్తుంది, మీ ప్రశ్నకి జవాబు నిజానికి అందులోనే ఉంది.

ముందు మీ అత్తగారి సంగతి. ఆవిడ భయం తప్పు కాదు. "ఆడపిల్లకి" అన్న ముక్క మాత్రం పక్కన పెట్టొచ్చు. ఆవిడ ఎన్నేళ్లప్పుడు కత్తిపీట ముందు కూర్చున్నారో ఒకసారి అడిగి చూడండి. తొమ్మిదికి ముందే అని చెబుతారని నా అంచనా. మా తరం మగపిల్లలం గెడ్డం బ్లేడు రెండుగా విరిచి, ఆ సగం ముక్కతో పెన్సిళ్లు చెక్కుకున్నవాళ్లమే. పిడి లేదు, ఎటు పట్టుకున్నా పదునే, పైగా బ్యాగులో పుస్తకాల మధ్య పడి ఉండేది. దానితో పోలిస్తే మంచి మడత చాకు ఎంతో మర్యాదైన వస్తువు.

ఇక వయసు. ఇన్నేళ్లొస్తే ఇవ్వొచ్చు అని నేను ఎవరికీ చెప్పను. పిల్ల పనిలో మునిగి ఉన్నప్పుడు మనం "ఆగు" అంటే చెయ్యి ఆగుతుందా లేదా, అది చూస్తాను. "ఒక్క నిమిషం" అంటూ కదుపుతూనే ఉండే పిల్లకి పన్నెండేళ్లొచ్చినా ఇవ్వను. మీ అమ్మాయికి పీలరిచ్చి ఒక కీరా దోసకాయ చెక్కు తీయమనండి. సగంలో పిలవండి. చెయ్యి ఆపి తలెత్తితే సరే. చెయ్యి ఆడుతుండగానే తలెత్తితే ఇంకో ఆరు నెలలు వంటింట్లోనే సాధన చేయించండి.

అమెరికాలో కబ్ స్కౌట్ పిల్లలకి, అంటే స్కౌట్లలో చిన్నపిల్లల విభాగంవాళ్లకి, దీనికోసం ఒక కార్డే ఉంది. విట్లింగ్ చిప్ అంటారు. మూడో తరగతి వయసు పిల్లలు జాగ్రత్తలు నేర్చుకుని, చేసి చూపిస్తే ఇస్తారు. అది ఉంటేనే స్కౌటు కార్యక్రమాల్లో చాకు పట్టనిస్తారు. తప్పు చేసిన ప్రతిసారీ ఆ కార్డు మూల ఒకటి కత్తిరించడం చాలాచోట్ల ఆనవాయితీ. నాలుగు మూలలూ పోతే కార్డు పోయినట్టే, మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. నాకు ఆ పద్ధతి తెగ నచ్చి మా సెల్లార్‌కి ఎత్తుకొచ్చాను. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి కార్డులు రాసిస్తాను. పిల్లలు మూల పోకుండా కాపాడుకోవడం చూడాలి మీరు, మార్కుల కోసం కూడా అంత జాగ్రత్తపడరు.

ఇప్పుడు ఆటో కథ. కొన్నేళ్ల కిందట ఒక పదేళ్ల కుర్రాడు క్లాసుకి సొంత చాకు తెచ్చుకున్నాడు. వాళ్ల నాన్న ఏదో టూర్‌లో రోడ్డుపక్క కొట్లో కొన్నది. రంపం, స్క్రూడ్రైవర్, సీసామూత తీసేది, కత్తెర, ఇంకా పేరు తెలియనివి కలిపి పదకొండు పనిముట్లు. అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాను. అదే నా తప్పు. ఆరోజు కొబ్బరిచిప్పతో గరిటె చేస్తున్నాం, చిప్పకి బెజ్జం కావాలి. నేను డ్రిల్లు తెచ్చేలోపు వాడు చాకు మొనని చిప్ప మీద ఆనించి, పిడిని గుప్పిట్లో బిగించి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. చిప్ప వీపు నున్నగా ఉంటుంది కదా, మొన జారింది. బ్లేడు వెనక్కి మడతపడి వాడి చూపుడువేలు మీద మూసుకుంది. మూడు కుట్లు పడ్డాయి. వాడు ఏడవలేదు, నేనే ఆటోలో వణికాను.

ఇది ఎందుకు జరిగిందో అర్థమైతే ఏ చాకు కొనాలో సగం తేలిపోతుంది. మామూలు మడత చాకులో బ్లేడుకి లాక్ ఉండదు. పిడి వెన్ను పొడవునా ఒక ఉక్కు పట్టీ ఉంటుంది, అది స్ప్రింగులా బ్లేడు మొదలుని నొక్కి పెడుతుంది. తెరిచినప్పుడు టక్కుమని నిలబెట్టేదీ, మూసినప్పుడు లోపలికి లాక్కునేదీ ఆ పట్టీయే. యాపిల్ కోసేటప్పుడు, పుల్ల చెక్కేటప్పుడు ఒత్తిడి పదును వైపు నుంచి వస్తుంది కాబట్టి బ్లేడు తెరుచుకునే దిక్కుకే నెట్టబడుతుంది. ఏమీ కాదు. గుచ్చినప్పుడు, బెజ్జంలో పెట్టి మెలితిప్పినప్పుడు, వెన్ను మీద కర్రతో కొట్టినప్పుడు ఒత్తిడి మడిచే దిక్కుకి మళ్లుతుంది. ఆ బలానికి స్ప్రింగు ఆగదు. మూసుకునే దారిలో ఉండేవి మన వేళ్లే.

అందుకే మొదటి చాకుకి గుండ్రటి మొన ఉండాలంటాను. పక్కపిల్లని పొడవకుండా ఉండటానికి అనుకుంటారు చాలామంది తల్లిదండ్రులు. నేను చూసిన పిల్లల్లో ఎవరూ ఎవర్నీ పొడవలేదు. అసలు లాభం వేరు. మొన లేని చాకు చేతిలో ఉంటే గుచ్చాలన్న ఆలోచనే రాదు. గుచ్చడం పోతే బ్లేడు వేలి మీద మడతపడే సందర్భాల్లో అతి పెద్దది పోయినట్టే. చెక్కడానికీ కోయడానికీ మొనతో పని లేదు, పనంతా బ్లేడు నడుము చేస్తుంది.

గుండ్రటి మొనతో పిల్లలకోసమే చేసినవాటిలో నేను వాడి చూసి నమ్మేవి రెండు.

ఒకటి ఒపినెల్. ఫ్రాన్సులో సవోయ్ అనే కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో మొదలుపెట్టిన చాకు. చెక్క పిడి, ఒకే ఒక్క బ్లేడు, ఇంకేమీ లేదు. 1955లో పిడి మెడ దగ్గర తిరిగే ఉక్కు ఉంగరం ఒకటి చేర్చారు. బ్లేడు తెరిచి ఆ ఉంగరం తిప్పితే ఇక మడతపడదు. ఇప్పుడొచ్చేవాటిలో మూసి కూడా బిగించుకోవచ్చు, జేబులోనో బ్యాగులోనో తనంతట తాను తెరుచుకోదు. పిల్లలకోసం వచ్చేది ఏడో నంబరు, "మై ఫస్ట్ ఒపినెల్" అని ఉంటుంది. బ్లేడు 8 సెంటీమీటర్లు, స్టెయిన్‌లెస్ స్టీలు, మొన గుండ్రం.

ఇక్కడ లాక్ గురించి ఒక మాట. లాక్ ఉన్న చాకులు బజార్లో చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పిడి లోపలి రేకుని బొటనవేలితో పక్కకి నెట్టి మూసేవి. అంటే మూసే క్షణంలో బొటనవేలు సరిగ్గా బ్లేడు దారిలో ఉంటుంది. పెద్దవాళ్లకి అలవాటైపోతుంది, పిల్లలకి నేను ఇవ్వను. ఉంగరం లాక్‌లో వేళ్లన్నీ బయటే ఉంటాయి.

ఒపినెల్‌కి ఒక తంటా ఉంది. చెక్క పిడి కాబట్టి మన వానాకాలంలో ఉబ్బుతుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో అయితే చెప్పక్కర్లేదు. బ్లేడు పిడిలో బిగుసుకుపోయి గోటికి రాదు. అప్పుడు పళ్లతో లాగే ప్రయత్నాలు వద్దు. ఉంగరం వదులు చేసి, పిడి చివరని బల్ల అంచున టక్‌మని తట్టండి. బ్లేడు కొద్దిగా పైకి లేస్తుంది, రెండు వేళ్లతో పట్టుకుని లాగొచ్చు. సవోయ్ రైతులు ఇప్పటికీ అలాగే తెరుస్తారు.

రెండోది విక్టోరినాక్స్, అందరికీ తెలిసిన ఎర్ర చాకు. స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కార్ఖానా, 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులిస్తోంది. పేరులో విక్టోరియా వాళ్ల అమ్మ పేరు, చివరి ముక్క స్టెయిన్‌లెస్ స్టీలుకి ఫ్రెంచి మాట. అమ్మ పేరు మీద చాకులు అని మీ అత్తగారికి చెప్పి చూడండి, కాస్త మెత్తబడతారేమో. "మై ఫస్ట్ విక్టోరినాక్స్" అని పిల్లల రకం ఉంది, మూసినప్పుడు 8.4 సెంటీమీటర్లు, మొన గుండ్రం. చిన్న రంపం ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. పుల్లని రంపంతో కోయడం నేర్చుకున్న పిల్ల చాకుతో దాన్ని విరగ్గొట్టే ప్రయత్నం చెయ్యదు. దీనికి లాక్ లేదు, పైన చెప్పిన స్ప్రింగే. కొత్తలో ఆ స్ప్రింగు గట్టిగా ఉంటుంది, తొమ్మిదేళ్ల పిల్ల గోరు విరుగుతుంది. మీరు తెరిచి ఇవ్వాల్సి వస్తుంది, మొదటి నెలల్లో అది మంచిదే.

అదే కంపెనీది 58 మిల్లీమీటర్ల బుల్లి చాకు ఒకటి ఉంది, తాళంచెవులకి తగిలించుకునేది. చూడ్డానికి ముద్దుగా ఉంటుందని చాలామంది పిల్లలకి అదే కొంటారు. నాకు నచ్చదు. పిడి మరీ చిన్నది, నాలుగు వేళ్లూ పట్టవు. పట్టు దొరకని చాకుతో చెక్కితే చెయ్యి జారక ఏం చేస్తుంది? దారం తెంపుకోవడానికి, గోళ్లు గీసుకోవడానికి బావుంటుంది, అంతవరకే.

మూడో దారి కూడా ఉంది. మడతే లేని చాకు. స్వీడన్‌లో మోరా చాకుల్లో పిల్లలకోసం వేళ్లకి అడ్డు ఉన్నవి చేస్తారు, వాటిలో మొన లేని రకం కూడా ఉంది. మడత లేదు కాబట్టి వేలి మీద మూసుకునే గొడవే లేదు, నిజానికి మూడింట్లో ఇదే భద్రం. కానీ ఒరలోంచి కత్తి తీసే మనవరాలిని చూస్తే మీ అత్తగారి పరిస్థితి ఏమిటి? పైగా అమ్మాయి అడిగింది మేనమామ జేబులో ఉన్నలాంటిది. అడిగినదానికి దగ్గరగా ఉన్నదే ఇవ్వాలి.

మీరు నన్ను ఒక్కటి చెప్పమంటే, పుల్లలూ చెక్కలూ చెక్కే సరదా ఉన్న పిల్లయితే ఒపినెల్, పిక్నిక్‌కి వెళ్లి జామకాయలు కోసే సరదా అయితే విక్టోరినాక్స్. అందుకే కొనేముందు "నీకు చాకు దేనికి?" అని అడగండి. "ఊరికే" అంటే ఇంకా టైముంది. మా క్లాసుకొచ్చిన ఒక పిల్ల "మా కుక్కపిల్లకి పేరుపలక చెక్కాలి" అంది. అది జవాబంటే.

కొనకూడనివి త్వరగా చెప్పేస్తాను. బటన్ నొక్కితే టక్కున తెరుచుకునేవి వద్దు. వీడియో గేముల్లో కనిపించే కొంకి కత్తులు, నల్లరంగు వేసి పుర్రె బొమ్మలద్దినవి వద్దు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో చేసే రాంపురి చాకుల్లాంటివి ఆ ఊరి పనితనానికి పేరే గానీ పిల్లల వస్తువులు కావు. ముక్కలు విరిచి వాడే ఆఫీసు కట్టర్‌ని చాకుకి బదులుగా అసలివ్వకండి. దాని బ్లేడు పలచన, పక్కకి వంచితే పటుక్కున విరిగి ఎగురుతుంది. పదకొండు పనిముట్ల చవకరకం సంగతి పైన విన్నారు. మెత్తటి ఉక్కు, పదును నిలవదు, మొద్దుబారాక పిల్ల ఇంకా బలంగా నొక్కుతుంది, అక్కడే జారుతుంది.

వీలైతే కొట్లో చేత్తో పట్టుకుని చూసి కొనండి, అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. బ్లేడు తెరిచి, కొసని మెల్లగా పట్టుకుని అటూ ఇటూ కదపండి. మడత దగ్గర కటకటలాడితే అక్కడే పెట్టేసి వచ్చేయండి. మూసి చూడండి, పదును మొత్తం పిడి లోపలికి దిగాలి, ఎక్కడా వేలికి తగలకూడదు. తర్వాత మూసిన చాకుని అమ్మాయి గుప్పిట్లో పెట్టండి, నాలుగు వేళ్లూ పిడి మీద ఆనాలి. ఎడమచేతి వాటమైతే గోరు పెట్టే గాడి బ్లేడుకి ఏ పక్కన ఉందో చూసుకోండి, ఎక్కువ చాకులు కుడిచేతివాళ్లకోసం చేసినవే. రంగు ఎరుపో నారింజో తీసుకోండి. గడ్డిలో పడిన ఆకుపచ్చ చాకుని మేం ఆరుగురం గంటసేపు వెతికాం.

చాకు ఇంటికొచ్చిందనుకోండి. మొదటిరోజు చెక్క ఇవ్వకండి, స్నానం సబ్బు ఇవ్వండి. పాతబడి ఎండినది కాదు, కొత్తది, మెత్తగా తెగుతుంది. చేప బొమ్మ గీసి చెక్కమనండి. బ్లేడు ఎంత పలచగా లేపగలదో, ఎక్కడ నొక్కితే పెద్ద పెచ్చు ఊడుతుందో చేతికి తెలిసిపోతుంది. తప్పుపోయినా స్నానానికి పనికొస్తుంది.

రెండో వారం వేపపుల్ల. పచ్చిది, వేలెడు లావు. కణుపులు నున్నగా చేసి, బెరడు తీసి, పళ్లపుల్ల చేసి తాతగారికి ఇవ్వమనండి. ఇక్కడ ఒక చిన్న కిటుకు నేర్పాలి. పిల్లలు పుల్లని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చాకుని బలంగా తోస్తారు. అలా వద్దు. కుడిచెయ్యి చాకుని ఊరికే పట్టుకుని ఉండాలి. ఎడమచేతిలో పుల్ల ఉండగానే, ఆ చేతి బొటనవేలిని బ్లేడు వెన్ను మీద ఆనించి ముందుకు నెట్టాలి. బొటనవేలు ఎంత కదిలితే బ్లేడు అంతే కదులుతుంది, అరంగుళానికి మించి పోలేదు. జారడమన్నది ఉండదు. మొదట్లో "సార్, ఇలా ఎప్పటికవుతుంది" అంటారు. రెండు రోజులకి రింగులు తిరిగిన సన్నటి పేళ్లు లేస్తుంటే వాళ్లే నోరు తెరుచుకుని చూస్తారు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం, గోటీబిళ్ల. మీ వైపు బిళ్లంగోడు అంటారో చిర్రగోనె అంటారో. మూడు నాలుగు అంగుళాల కర్రముక్క తీసుకుని రెండు కొసలూ వాలుగా చెక్కాలి. నాలుగు వైపులా సమంగా తగ్గించుకుంటూ రాకపోతే గోడుతో కొట్టినప్పుడు బిళ్ల వంకరగా లేస్తుంది, కాబట్టి బాగా వచ్చిందా లేదా అని మనం చెప్పక్కర్లేదు, ఆటే చెబుతుంది. ఇక్కడే చెక్క నార సంగతి కూడా తెలుస్తుంది. లావు నుంచి సన్నానికి చెక్కితే బ్లేడు నున్నగా దిగుతుంది, సన్నం నుంచి లావుకి వెళ్తే నారలోకి దిగబడి పెచ్చులు లేస్తాయి. గత వేసవిలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి ఒకే బిళ్లని నాలుగు రోజులు చెక్కింది. చివరికి అది చిటికెన వేలంత మిగిలింది. కొడితే మాత్రం మా రెండో అంతస్తు బాల్కనీలో పడింది.

బొమ్మలు చేసే దాకా వస్తే పొనికి చెక్క కోసం వెతకండి. కొండపల్లి బొమ్మలు చేసేది దానితోనే, వేలితో ఎత్తితే బెండులా తేలిగ్గా ఉంటుంది, చాకు వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. ఎండిన టేకు, తుమ్మ ఇవ్వకండి, పెద్దవాళ్ల చేతులకే కష్టం. వెదురు కూడా ఇప్పుడే వద్దు, చీలిన అంచు బ్లేడులాగే కోస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పార్కుల్లో, డివైడర్ల మీద పెంచే గన్నేరు కొమ్మలు తిన్నగా, చెక్కడానికి అనువుగా కనిపిస్తాయి. అది విషం. ఆ పుల్ల నోట్లో పెట్టుకోవడం, దానితో పండు గుచ్చుకు తినడం ప్రమాదం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. ఏ చెట్టు కొమ్మో తెలియకుండా చాకు పెట్టకూడదని మొదటిరోజే చెప్పండి.

కూర్చునే తీరు గురించి. నిలబడి, నడుస్తూ చెక్కడం లేదు. కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, చేతులు మోకాళ్లకి అవతల ఉండేలా చెక్కాలి. ఒళ్లో పెట్టుకుని చెక్కడం అస్సలు కుదరదు, తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. మొదలుపెట్టే ముందు చెయ్యి చాచి చుట్టూ తిప్పాలి. ఆ గిరిలోకి ఎవరొచ్చినా చాకు మూసేయాలి, తమ్ముడొచ్చినా, అమ్మొచ్చినా. చాకు చేతిలోంచి జారితే పట్టుకోబోకూడదు, పడనివ్వాలి. ఇది చెప్పడం తేలిక, ఒంటికి పట్టించడం కష్టం. నేను మొదటి వారం మూసిన చాకుని ఒక్కొక్కళ్ల చేతిలోంచి కావాలని పడగొట్టి, చేతులు వెనక్కి తీసుకోవడం అలవాటు చేయిస్తాను.

ఒకరికొకరు ఇచ్చుకోవడానికి మా అమ్మమ్మ పద్ధతికి మించింది లేదు. ఆవిడ ఉప్పు చేతికిచ్చేది కాదు, చాకూ చేతికిచ్చేది కాదు. కింద పెట్టి "తీసుకో" అనేది. చేతికిస్తే గొడవలొస్తాయట. గొడవల సంగతేమో గానీ, కింద పెట్టిన చాకుతో ఇప్పటిదాకా మా క్లాసులో ఎవరికీ వేలు తెగలేదు. మూసి, బల్ల మీద పెట్టి, చెయ్యి తీసేశాకే రెండోవాళ్లు తీసుకోవాలి. మీ అత్తగారికి ఈ ఆచారం తెలిసే ఉంటుంది, అమ్మాయికి ఆవిడ చేతే చెప్పించండి.

వేలు తెగుతుంది. ఎప్పుడో ఒకప్పుడు, చిన్నగా. ధారగా పడే నీళ్లకింద కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకుని, చెయ్యి గుండెకంటే పైకి ఎత్తి ఉంచండి. పది నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా. కాఫీపొడి, పసుపు కుక్కకండి, డాక్టరు మళ్లీ అవన్నీ కడగాలి. గాయం నోరు తెరుచుకుని ఉన్నా, రక్తం ఆగకపోయినా, వేలు మడవలేకపోతున్నా, కొస మొద్దుబారినట్టున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం టీకాలు ఎంతవరకు వేశారో ఈ వంకన కార్డు తీసి చూడండి. మన టీకాల పట్టికలో పదేళ్లకి ఒకటి ఉంది, మీ అమ్మాయికి అది దగ్గర్లోనే ఉంది.

పదును గురించి చాలామంది తల్లిదండ్రులు తిరగేసి ఆలోచిస్తారు, పిల్ల చాకు కదా, కాస్త మొద్దుగా ఉంటే మేలని. మొద్దు చాకు చెక్కలోకి దిగదు, పైన జారి వేలి మీదకొస్తుంది. కాగితం అంచుని పట్టుకుని కోస్తే చిరగకుండా తెగాలి. తగ్గినప్పుడు సాన రాయి మీద, బ్లేడుని బాగా పడుకోబెట్టి, రెండు వైపులా సమంగా నూరాలి. రాయి లేకపోతే కాఫీ కప్పునో ఆవకాయ జాడీనో బోర్లించండి, అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటుంది, చిన్న చాకుకి అది చాలు. సైకిలు మీద సాన పట్టేవాళ్లకి ఇవ్వకండి. నేను ఒకసారి ఇచ్చాను. నిప్పురవ్వలు లేస్తుంటే బావుందని చూస్తూ నిలబడ్డాను. బ్లేడు అంచు నీలం తిరిగింది, అంటే ఆ వేడికి ఉక్కు బిగువు పోయింది. ఆ తర్వాత ఎంత నూరినా రెండు రోజులు కూడా పదును నిలవలేదు. కత్తిపీటలకి వాళ్ల పని బ్రహ్మాండం, చిన్న చాకులకి కాదు.

మామిడికాయో చింతకాయో కోశాక కడిగి, తుడిచి, ఆరాకే మూయాలి, స్టెయిన్‌లెస్ అయినా సరే. దసరాకి ఆయుధపూజలో బండి, కుట్టుమిషనుతో పాటు ఆ చాకుకీ బొట్టు పెట్టించండి. ఆరోజే మడతలో ఒక చుక్క నూనె వేసి తుడవడం అలవాటవుతుంది.

చట్టం సంగతి అడిగారు. మన ఆయుధాల నియమాల్లో లైసెన్సు మాట వచ్చేది 9 అంగుళాలకి మించి పొడవో 2 అంగుళాలకి మించి వెడల్పో ఉన్న బ్లేడుకి, అదీ ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవి కానప్పుడు. మీరు కొనేది మూడంగుళాలకి కాస్త అటూ ఇటూ. అయినా స్కూలుకి మాత్రం పొరపాటున కూడా వెళ్లకూడదు, దీంట్లో బేరం లేదు. అందుకే చాకు స్కూలు బ్యాగు ఉండే గదిలో కాకుండా మీ బీరువాలో ఉండాలి, అడిగి తీసుకోవాలి, పనయ్యాక తిరిగివ్వాలి. తనదే, కానీ కాపలా మీది. పన్నెండేళ్లు దాటాక చూద్దాం అని చెప్పండి. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర సరైన కారణం చూపకుండా బయటికి తీసుకెళ్లడానికి వీలయ్యేది మూడంగుళాల లోపు, లాక్ లేని మడత చాకే. ఒపినెల్ ఉంగరం అక్కడ లాక్ కిందకి వస్తుంది, ఇంట్లోనే వాడుకోండి.

అన్నట్టు, తాళాలగుత్తికి మాత్రం తగిలించకండి. మా పెద్దమ్మాయికి పదేళ్లప్పుడు కొన్న ఎర్ర చాకు, అది పెళ్లై వెళ్లిపోయాక నా తాళాలకి చేరింది. ఒకసారి విమానమెక్కుతూ, పెద్ద బ్యాగులో వేసి లగేజీలో పంపించాల్సింది మర్చిపోయాను. తనిఖీ దగ్గర ఆపారు. వెనక్కి వెళ్లి లగేజీలో వేసే టైము లేదు. పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది, అందులో నెయిల్‌కట్టర్లు, కత్తెరలు, నాదాంటివే ఇంకో రెండు ఎర్ర చాకులు. పిడి మీద మా అమ్మాయి సూదితో గీసిన పేరు ఉంది, వంకర అక్షరాలతో. గుత్తిలోంచి విడదీయడానికి గోరు సరిపోక, ఆ డ్యూటీ అబ్బాయే రింగు తీసి పెట్టాడు.